కొట్టి చూసి కొన్న బ్యాట్లు

కరీంనగర్ బస్టాండుకు కాస్త దూరంలో ఉన్న ఆటసామాన్ల దుకాణంలో నిలబడి, ఒక ఖరీదైన బ్యాట్‌ను చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో దాని మొహం మీద కొడుతున్నాను. ఒకటి అయ్యాక ఇంకోటి. అట్లా ఏడెనిమిది అయ్యాయి. దుకాణదారు ముప్పై దాటిన మనిషి. చాలాసేపు ఓపిక పట్టి, చివరికి అడిగాడు.

"పుచ్చకాయ కొంటున్నరా అంకుల్?"

నాకు ఒళ్ళు మండింది. మండటానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

"నీ దుకాణంల ఏది గట్టిదో ఏది డొల్లదో నీకు తెల్వదు. నాకు తెలుస్తది. నన్ను జూడనియ్యి" అన్నాను. అతను చేతులు కట్టుకుని వెనక్కి జరిగాడు.

బెల్లంపల్లి చుట్టుపక్కల బొగ్గు గనుల్లో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. గని అని కాగితాల మీద రాస్తారు గానీ మేమంతా బాయి అనే అంటాం. చివరి పద్దెనిమిదేళ్ళు మైనింగ్ సర్దార్‌ను. అంటే షిఫ్టు మొదలు కాగానే అందరికంటే ముందు లోపలికి పోయి, పొడుగాటి కర్రతో పైకప్పును కొట్టుకుంటూ నడిచేవాణ్ణి. కప్పు మంచిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే మొద్దుగా, డొల్లగా పలుకుతుంది. ఖంగుమన్న చోట మనుషులను పనిలో పెట్టాలి. డొల్లగా పలికిన చోట దుంగలు నిలబెట్టించాలి, లేదంటే అందరినీ వెనక్కి పంపించాలి. నా చెవిని నమ్మి పాతిక ముప్పై మంది ఆ కప్పు కిందికి వచ్చేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళలో నా షిఫ్టులో ఒక్కడి నెత్తి మీద కూడా పెళ్ళ పడలేదు. ఆ చెవి అంటే నాకు గర్వం, ఎందుకు దాచుకోవాలి?

అందుకే బ్యాట్ కొనాల్సి వస్తే, ఇంకెట్లా కొంటాను? కొట్టి చూసే కొంటాను.

ఆ బ్యాట్ సంగతి చెప్పాలంటే రిటైరైన దగ్గర్నుంచి చెప్పాలి. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మంచిర్యాలలో చిన్న ఇల్లు కట్టుకుని దిగాం. దిగిన మర్నాటి నుంచే నాకు పిచ్చెక్కడం మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చేది, మొదటి షిఫ్టుకు పోవాల్సినవాడిలాగా. పోవడానికి ఏముంది? వంటింట్లోంచి గేటు దాకా, గేటు దగ్గర్నుంచి వంటింటి దాకా, కాలుగాలిన పిల్లిలా తిరగడమే. నీళ్ళ ట్యాంకు నిండిందా అని మూడుసార్లు మేడ ఎక్కేవాణ్ణి. గ్యాసు సిలిండర్‌ను ఊపి చూసేవాణ్ణి. కొత్త ఇంటి స్లాబును చీపురు కర్రతో కొట్టి చూశాను, గది గదికీ. మా ఇంటామె అది చూసి తల పట్టుకుంది.

"ఏమయ్యా, నువ్వు తిరుగుతుంటె నా తల తిరుగుతుంది. జర బయటికన్న పో" అనేది.

"ఎక్కడికి పోవాలె?"

"యాడికన్న. నాకు ఫికర్ లేదు."

ఆమె మాత్రం రోజూ పొద్దున ఆరింటికి బయటికి పోయేది. షుగర్ ఉందని డాక్టర్ నడవమన్నాడు. నడిచీ నడిచీ విసుగొచ్చి, క్లబ్బు మైదానంలో నలుగురు ఆడవాళ్ళు కలిసి పికిల్‌బాల్ ఆడుతుంటే అందులో చేరింది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా. నేను వినలేదు, ఏదో ముచ్చట్లు పెట్టుకోవడానికి పోతున్నారు అనుకున్నాను. రెండు నెలల తర్వాత ఒకరోజు బీరువా తాళాలు కనబడక, అడగడానికి ఆ మైదానానికి పోయాను. గీతల మధ్య మా ఇంటామె పంజాబీ డ్రెస్సులో, కాళ్ళకు తెల్ల బూట్లతో, బంతి వెంట అడ్డంగా పరుగెత్తుతోంది. యాభై ఆరేళ్ళ మనిషి. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఈమె పరుగెత్తడం నేను చూడలేదు. బంతి అందుకుని అవతల పడేసి పకపకా నవ్వింది. నేను తాళాల మాట మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

మర్నాటి నుంచి నేనూ పోయాను. ఆమె రమ్మనలేదు, నేనే పోయాను. మొదట చెక్క బ్యాట్‌తో నేర్చుకున్నాను. దాన్ని ప్యాడిల్ అనాలట, మా మైదానంలో అందరూ బ్యాట్ అనే అంటారు. చిల్లుల ప్లాస్టిక్ బంతి, నడుము ఎత్తు నెట్, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. నెట్‌కు రెండు పక్కలా ఏడేసి అడుగుల గడి ఉంటుంది, అందులో నిలబడి బంతిని గాలిలో ఉండగా కొట్టకూడదు. కాబట్టి ఆటంతా ఆ గడి అంచున నిలబడి, బంతిని మెల్లగా నెట్ దాటించి, అవతలివాళ్ళు కొట్టలేనంత కిందుగా పడేయడంలో ఉంటుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు. బంతి కనబడితే బలమంతా పెట్టి కొట్టేవాణ్ణి. అయినా మేమిద్దరం ఒక జోడీ అయ్యాం. షిఫ్టుల్లో గడిచిన కాపురం మాది, నేను పడుకునేటప్పుడు ఆమె లేచేది. పొద్దున పూట ఒకే పక్క నిలబడి ఇద్దరం ఒకే బంతి కోసం చూడటం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంట్లో తిరగడం కూడా తగ్గింది.

ఆ మైదానానికి ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు వచ్చేవాడు. సన్నటి మనిషి, మాట కూడా సన్నమే. చేతిలో మందపాటి ఖరీదైన బ్యాట్. ఆయన కొడితే చప్పుడే వచ్చేది కాదు. బంతి మాత్రం ఎక్కడ పెట్టాలనుకుంటే అక్కడ పడేది. నన్ను సర్దారన్నా అని, మా ఇంటామెను చెల్లె అని పిలిచేవాడు. మంచివాడే. మంచివాడు కావడం వల్లే నాకు ఇంకా చిరాకు.

ఒకసారి మా బావమరిది పత్తి అమ్ముకోవడానికి భైంసా పోతూ నన్ను తోడు రమ్మన్నాడు. రెండు రోజులు పట్టింది. తిరిగి వచ్చేసరికి మా ఇంటామె మొహం వెలిగిపోతోంది.

"నిన్న డ్రాయింగు సారుతోని ఆడిన. మూడు ఆటలాడితె మూడూ గెలిచినం. సారు బంతిని పువ్వు లెక్క పెడ్తడు తెలుసా?"

"మరి నేనెట్ల కొడ్త?"

"నువ్వు బొగ్గు కొట్టినట్టు కొడ్తవ్" అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఆమె చాయ గ్లాసు నా ముందు పెట్టి, మెల్లగా అసలు మాట చెప్పింది. చలికాలం చివర్లో కరీంనగర్‌లో యాభై దాటినవాళ్ళకు జోడీల పోటీలు పెడుతున్నారట. ఒక ఆడ, ఒక మగ కలిసి ఆడే పోటీ కూడా ఉందట. డ్రాయింగు సారు తనతో వస్తావా చెల్లె అని అడిగాడట.

"నువ్వేమన్నవ్?"

"మా ఆయన ఉన్నడు గద సారూ, ఆయనతోనే ఆడుత అన్న."

ఆ మాటకు నేను సంతోషపడాలి. కానీ ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్ళు చాయ గ్లాసు మీద ఉన్నాయి. ఇష్టంగా అన్నదా, తప్పదని అన్నదా? ఆ రోజంతా అదే ఆలోచన. మళ్ళీ వంటింట్లోంచి గేటు దాకా తిరగడం మొదలైంది. ఈమె నాతో ఆడటం మానేస్తే నా పొద్దులు ఏం కావాలి? పైగా డ్రాయింగు సారు గొప్పతనమంతా ఆ ఖరీదు బ్యాట్‌లోనే ఉందని నాకు నేనే తేల్చేసుకున్నాను. నా చేతిలో అంతకంటే మంచి బ్యాట్ ఉంటే ఆయన ఎంత? మర్నాడు ఆమెకు చెప్పకుండా కరీంనగర్ బస్సెక్కాను.

దుకాణదారు నా కొట్టుడంతా అయ్యేదాకా ఆగి, పద్ధతిగానే అడిగాడు.

"ఒక్కలే ఆడుతరా అంకుల్, జోడీతోనా?"

"జోడీతోని. మా ఇంటామె."

"అయితే గిది తీస్కోండి" అని మందపాటిది ఒకటి అందించాడు. "జోడీ ఆటల నెట్ కాడ మెత్తగ పెట్టాలె. దీని లోపల తేనెపట్టు లెక్క గూడుంటది, అది మందంగుంటె దెబ్బను మింగుతది. మోచేతికి గూడ మంచిది. మీ వయసోల్లు శానామంది గిదే తీస్కపోతున్నరు."

వయసు మాట ఎత్తాడు, అక్కడే చెడింది. నేను ఆ బ్యాట్‌ను కణుపుతో కొట్టాను. మొద్దుగా పలికింది.

"గిది డొల్ల" అన్నాను.

"డొల్ల కాదు అంకుల్, మెత్త."

"చప్పుడు గురించి నాకు చెప్తున్నవా? గిట్ల పలికిన కప్పు కింద నేను కుక్కను గూడ నిలబెట్టలే."

పక్కనే ఇంకోటి ఉంది. పలచటిది, నల్లటి మొహం, గట్టిది. కొట్టగానే ఠక్కున బదులిచ్చింది. ఆ చప్పుడు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఇది నమ్మదగ్గది అని నా చెవి చెప్పింది, అంతే, ఇంక ఎవరి మాట వింటాను? దుకాణదారు ఇంకా ఏదో చెప్పబోతున్నాడు, పలచటిది బంతిని విసురుగా పంపిస్తుంది గానీ చేతికి అదురు కొడుతుంది అని. నేను చెయ్యెత్తి ఆపాను.

"గివి రెండియ్యి. ఆమెకొకటి, నాకొకటి."

"ఆంటీ చెయ్యి ఎంతుంటదో, పిడి సరిపోతదో లేదో. ఒకసారి తోల్కరాండి అంకుల్, ఆమె పట్టి చూస్తది."

"అవసరం లేదు" అన్నాను.

ఇంటికొచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. పిడి చుట్టూ వేళ్ళు పూర్తిగా పట్టలేదు, అది నాకు కనబడింది కూడా. "నన్నొక మాట అడగకపోతివి" అంది. "నచ్చలేదా?" అన్నాను, అనడంలోనే కొంచెం కోపం ఉంది. "మంచిగనే ఉంది" అంది. మంచిగనే ఉంది అంటే మంచిగా ఉందనే నేను తీసుకున్నాను.

మొదటి పదిహేను రోజులు మా ఇద్దరిదే రాజ్యం. నా చేతిలోంచి బంతి తూటాలా పోయేది. అవతలివాళ్ళు బెదిరిపోయి పక్కకు జరిగేవాళ్ళు. నేను ఊగిపోయాను. మైదానంలో నా గొంతు అందరికంటే పైన వినబడేది. "చూసినవా? చూసినవా?" అని ప్రతి దెబ్బకూ ఆమెను అడిగేవాణ్ణి.

తర్వాత అవతలివాళ్ళకు కిటుకు తెలిసింది. నేను ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా బంతి తిరిగి వస్తుంది, వాళ్ళు బ్యాట్ అడ్డం పెడితే చాలు. పెట్టేటప్పుడు నా వైపు ఎందుకు పెడతారు? ఆమె వైపు పెట్టేవాళ్ళు. నేను కొట్టిన దెబ్బలన్నీ తిరిగి తిరిగి ఆమె మీదికే వచ్చేవి. ఆమె ఆ గట్టి బ్యాట్‌తో, పట్టని పిడితో వాటిని ఆపేది. ఒక్కసారి కూడా మెల్లగా ఆడు అనలేదు. అని ఉంటే నేను వినేవాణ్ణా అంటే, అదీ చెప్పలేను.

ఆ రోజుల్లో మా ఇంట్లో జొన్న రొట్టె ఆగిపోయింది. రోజూ రాత్రి రొట్టె తినే ఇల్లు. ఎందుకు చేస్తలేవని అడిగితే పిండి అయిపోయింది అంది. గిర్నీకి పోయి పిండి పట్టించుకొచ్చి ముందు పెట్టాను. అయినా అన్నమే. నేను సణిగాను. చాయ గిన్నెను ఎడమ చేత్తో దించేది. ఇంట్లో రోజూ నొప్పుల మందు వాసన వస్తుంటే తలనొప్పి కాబోలు అనుకున్నాను. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి.

ఒక పొద్దున డ్రాయింగు సారూ, ఇంకొకామె అటుపక్క. మేమిద్దరం ఇటుపక్క. పదకొండుకు ఆట. మేము పదిలో, వాళ్ళు తొమ్మిదిలో ఉన్నారు. ఒక్క పాయింటు గెలిస్తే అయిపోతుంది, గెలవాల్సింది డ్రాయింగు సారు మీద. నేను శక్తి కొద్దీ కొట్టాను. సారు బ్యాట్ అడ్డం పెట్టాడు. బంతి ఆమె వైపు వచ్చింది. ఆమె ఆపింది గానీ, ఆపిన చేతిలోంచి బ్యాట్ జారి నేల మీద పడింది.

"బ్యాట్ పట్టుకునుడు గూడ రాదా నీకు?" అని అరిచాను.

మైదానం మొత్తం వింది. పక్క గీతల్లో ఆడేవాళ్ళు ఆట ఆపేశారు. ఆమె నా వైపు చూడకుండా వంగి, ఎడమ చేత్తో బ్యాట్ తీసుకుంది. డ్రాయింగు సారు నెట్ చుట్టూ తిరిగి మా వైపు వచ్చాడు. ఆయన గొంతు ఎప్పట్లా సన్నగానే ఉంది.

"సర్దారన్నా, చెల్లె చెయ్యి ఒకపారి చూడు" అన్నాడు.

చూశాను. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. మోచెయ్యి పక్కన ముట్టుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఎన్ని దినాల సంది?"

"నెల దాటింది" అంది.

డాక్టరు ఆమె మోచేతిని నొక్కి చూసి, మణికట్టు తిప్పమన్నాడు. ఆమె పళ్ళు బిగబట్టింది. బ్యాట్ నుంచి వచ్చిన అదురంతా మోచేతి నరాలకు పట్టిందని, ఆరు వారాలు బ్యాట్ ముట్టకూడదని, రొట్టెలు చెయ్యకూడదని, బిందె ఎత్తకూడదని చెప్పాడు. ఇంకో నెల ఇట్లాగే ఆడి ఉంటే మళ్ళీ ఆడే మాటే ఉండేది కాదు అన్నాడు. ఆమె అప్పుడు మాత్రం గట్టిగా అడిగింది, "ఆరు వారాలయినంక ఆడొచ్చు గదా సార్? ఖాయంగ ఆడొచ్చు గదా?" అని. రెండుసార్లు అడిగింది. ఆమెకు ఈ ఆట అంటే ఏమిటో ఆ గొంతులో నాకు తెలిసింది. అప్పటిదాకా నా ఆటలో ఆమె ఉంది అనుకుంటున్నాను. ఆమె ఆటలో నేను దూరాను.

ఆటోలో ఇంటికి వస్తుంటే అడిగాను.

"ఎందుకు చెప్పలే?"

రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"చెప్తె నువ్వు ఆడుడు బంద్ చేస్తవ్. బంద్ చేసి మళ్ళ ఇంట్ల గట్లనే తిరుగుతవ్. రిటైరైనంక నువ్వు నవ్వింది గా మైదానంలనే గదా. నీ నవ్వు నేనెందుకు చెడగొట్టాలె అనుకున్న. పోనీ, నొస్తె నొస్తుంది తియ్ అనుకున్న."

ఆటోవాడు ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చాను. చీకట్లో, ఎవడి నెత్తి మీద ఏముందో చప్పుడు విని చెప్పినవాణ్ణి, పక్కన నిలబడ్డ మనిషి నెల రోజులు నొప్పి పడుతుంటే కనుక్కోలేకపోయాను. కనుక్కోకపోవడమే కాదు, పదిమందిలో అరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంకో మాట లేదు. ఆమె "ఊకో, ఊకో, ఆటోల ఏందిది" అని ఎడమ చేత్తో నా భుజం తట్టింది.

ఆ ఆరు వారాలు నేను పడ్డ అవస్థ దేవుడికి తెలుసు. మైదానానికి పోబుద్ధి కాలేదు, ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ఆమె మీద ఒట్టు వేసుకుని వంట నెత్తిన వేసుకున్నాను. జొన్న రొట్టె కొడితే ఆదిలాబాద్ జిల్లా పటంలా వచ్చేది, పెనం మీద వేస్తే ముక్కలయ్యేది. ఆమె గడప మీద కూర్చుని, "పిండిని కొడుతున్నవా, పగ తీర్చుకుంటున్నవా? మెల్లగ తట్టు, మెల్లగ" అని నవ్వేది. మెల్లగా అనేది నా చేతికి ఎక్కదు. మూడో వారానికి ఒక రొట్టె ముక్క కాకుండా పొంగింది. దాన్ని ఆమెకు పెట్టాను.

ఒక సాయంత్రం డ్రాయింగు సారు చూడటానికి వచ్చాడు. తన మందపాటి బ్యాట్ తెచ్చి, "చెల్లె, ఎడమ చేత్తోని ఒకసారి బంతిని ఎగరెయ్యి, తేడా తెలుస్తది" అన్నాడు. ఆమె మెల్లగా పదిసార్లు ఎగరేసింది. "సారూ, అదురే లేదు గదా!" అంది. ఆ మొహంలో సంతోషం చూసి నాకు లోపల కాలింది, కాలిందని చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉంది. ఆయనకు చాయ పెట్టి ఇచ్చాను. చక్కెర వేయడం మరిచిపోయాను. పాపం, మాట్లాడకుండా తాగాడు.

డాక్టరు సరే అన్న తర్వాత ఇద్దరం కరీంనగర్ పోయాం. అదే దుకాణం, అదే మనిషి. నన్ను చూడగానే గుర్తుపట్టాడు గానీ, మంచివాడు, ఏమీ అనలేదు. ఈసారి నేను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని ఒక మూల నిలబడ్డాను. ఆమె బ్యాట్లను ఒక్కొక్కటే తీసింది. పిడి చుట్టూ వేళ్ళు ముడిచి, వేళ్ళకూ అరచేతికీ మధ్య ఎడమచేతి వేలు దూరుతుందా అని చూసింది. బరువు తూకం వేయించింది. గోడ దగ్గర నిలబడి బంతిని మెత్తగా కొట్టి చూసింది. ఒకటి నచ్చక వెనక్కి ఇచ్చింది, నచ్చినదాన్ని మళ్ళీ అడిగి తీసుకుంది. గంట పట్టింది. ముప్పై నాలుగేళ్ళలో ఆమె చీర కూడా ఇంత సేపు ఎంచుకోలేదు. ఎందుకంటే నేను పక్కన నిలబడి "అయిందా? అయిందా?" అనేవాణ్ణి. చివరికి ఆమె తీసింది నేను డొల్ల అన్న ఆ మందపాటి రకమే, సన్న పిడిది.

"అంకుల్‌కు గూడ ఒకటి తీయమంటరా ఆంటీ?" అన్నాడు దుకాణదారు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె బ్యాట్‌ను సంచిలో పెట్టుకుంటూ, "ఆయనకు ఇప్పుడే వద్దు" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇవతల నేను. పెద్దపల్లి దాటేదాకా ఉగ్గబట్టుకున్నాను. కాలు ఆడుతూనే ఉంది. ఇంక ఆగలేక అడిగాను.

"పోటీలకు నాతోని ఆడుతవా?"

బస్సు ఏదో ఊళ్ళో ఆగింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు.

"నీతోని ఆడ" అంది. "డ్రాయింగు సారుతోని ఆడుత. మొన్ననే చెప్పిన సారుకు."

"నేను మెల్లగ కొడ్త. నేర్చుకుంట."

"నేర్చుకో. పొద్దుగాల నీతోని ఆడుత, రోజూ ఆడుత. పోటీ మాత్రం సారుతోనే. నాకు గెలవాలనుంది. నాకు గూడ ఉంటది గదా?"

"మరి నేనేం చెయ్యాలె?" అన్నాను. నా గొంతు నాకే చంటిపిల్లాడి గొంతులా వినబడింది.

ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. కోపం లేదు, నవ్వు లేదు.

"వచ్చి కూసో. ముప్పై మూడేండ్లు నువ్వు బాయిల దిగితె నేను ఇంట్ల కూసున్న. మొత్తుకున్ననా? సైరన్ టైం కాకుండ మోగితె, బాయిల ఏం కూలిందో అని చాప మీద కూసొని లేవకపోతుంటి, లేస్తె నీకేమన్న అయితదేమో అని. నా కోసం నువ్వు ఒక్క దినం కూసోలేవా?"

ఇన్నేళ్ళలో ఆ చాప సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా. షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిని పడుకునేవాణ్ణి. బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కింది. "కూసుంట" అన్నాను.

పోటీల రోజు కరీంనగర్‌లో షెడ్డు కింద ఆరు కోర్టులు గీశారు. గోడ వెంబడి ఇనుప కుర్చీలు వేశారు. నేను ఒక కుర్చీలో ఆమె నీళ్ళ సీసా, తువ్వాలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. అటుపక్క జోడీ మాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాళ్ళు. ఆమె కొత్త బ్యాట్ చప్పుడు నాకు వినబడనే లేదు. బంతి నెట్ దాటుతోంది, మెత్తగా పడుతోంది, మళ్ళీ వస్తోంది. ఒక్కో పాయింటుకు ఇరవై సార్లు, ముప్పై సార్లు. కొట్టు, ఇప్పుడు కొట్టు అని నోటి దాకా వచ్చింది. ఆమె కొట్టదు, పెడుతుంది. లేవాలని కాళ్ళు కొట్టుకున్నాయి. ఎనిమిది, ఎనిమిది. డ్రాయింగు సారు ఒక బంతి నెట్‌కు కొట్టాడు. తొమ్మిది, ఎనిమిది. ఒకసారి ఆమె మోచేతిని పట్టుకుంది, నా ప్రాణం పోయింది. పట్టుకున్నది చెమట తుడుచుకోవడానికి. తొమ్మిది, తొమ్మిది. పక్క కుర్చీలోని ఆయన లేచి నిలబడ్డాడు, వెనకవాళ్ళు లేచారు. నాకు ముందు మనుషుల వీపులు తప్ప ఏమీ కనబడటం లేదు. లేస్తే కనబడుతుంది. కుర్చీ అంచులు రెండు చేతులతో పట్టుకుని, బంతి చప్పుడు కోసం చెవులు రిక్కించాను. జనం ఒక్కసారి ఓహో అని అరిచారు. ఎవరి కోసం అరిచారో తెలీలేదు. ఇంకోసారి అరిచారు. ఆట అయిపోయింది.

వీపులు పక్కకు జరిగాయి. ఆమె నా దగ్గరికి వచ్చింది. మొహమంతా చెమట, జుట్టు చెదిరిపోయింది. గెలిచిందో ఓడిందో ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. నీళ్ళ సీసా అందించాను. తాగింది, తువ్వాలుతో తుడుచుకుంది, నా మొహంలోకి చూసింది.

"లేసినవా?" అంది.

"లేవలే" అన్నాను.